ఆంగ్కోర్ ముందు, బ్యాంకాక్ చివర: పదకొండు రోజుల్లో నాలుగు పాత రాజధానులు

మీరు అడిగింది ఇదీ: డిసెంబరులో పదకొండు రోజులు, హైదరాబాద్ నుంచి నలుగురు, అందులో ఇద్దరు అరవై దాటిన పెద్దవాళ్ళు, అందరూ శాకాహారులు. ఏజెంట్ ఇచ్చిన ప్లాన్‌లో బ్యాంకాక్‌కి ఐదు రోజులు, పట్టాయాకి మూడు, ఆంగ్కోర్‌కి ఒకటిన్నర, అయుత్థయకి ఒక్క పూట. పాత బౌద్ధ ఆలయాలు చూడటమే మీ ఉద్దేశమైతే ఈ ప్లాన్ పనికిరాదండి. రోజుల పంపకం ఎలాగూ తప్పే, దానికన్నా పెద్ద తప్పు ఊళ్ళ వరస.

వరస ఎందుకు ముఖ్యమో ముందు చెబుతాను. కంబోడియాలోని ఆంగ్కోర్, థాయ్‌లాండ్‌లోని సుఖోథాయ్, అయుత్థయ, బ్యాంకాక్, ఈ నాలుగు ఊళ్ళూ ఒకదాని చరిత్ర ఒకటి మోసుకొచ్చినవే. పదమూడో శతాబ్దంలో, ఆంగ్కోర్ నుంచి ఏలిన ఖ్మేర్ రాజుల పాలన నుంచి విడివడి సుఖోథాయ్ రాజ్యం లేచింది. 1350లో పుట్టిన అయుత్థయ 1431లో ఆంగ్కోర్‌ను పట్టుకుంది. 1767లో బర్మా సైన్యం అయుత్థయను తగలబెట్టాక, 1782లో థాయ్ రాజు మొదటి రాముడు బ్యాంకాక్‌ను రాజధాని చేసి, అయుత్థయ శిథిలాల ఇటుకలు పడవల మీద తెప్పించి కొత్త గోడలు కట్టించాడు. సుఖోథాయ్‌లో వదిలేసి ఉన్న పెద్ద పెద్ద బుద్ధ విగ్రహాలను కూడా తెప్పించుకున్నాడు. అందుకే సియమ్ రీప్ (ఆంగ్కోర్ గుళ్ళ పక్కనున్న ఊరు), సుఖోథాయ్, అయుత్థయ, చివర బ్యాంకాక్ అనే వరసలో వెళ్తే ఒక చోట ఖాళీగా చూసిన పీఠానికి సంబంధించిన విగ్రహం ఇంకో చోట కనిపిస్తుంది. ముందే బ్యాంకాక్ చూసేస్తే అక్కడి విగ్రహాలన్నీ ఒక్కలాగే అనిపిస్తాయి. పెద్దవాళ్ళ కోణం నుంచి కూడా ఇదే మేలు: మెట్లు, ఎండ, నడక ఎక్కువున్న ఆంగ్కోర్ కాళ్ళు తాజాగా ఉన్నప్పుడే అయిపోతుంది.

రోజులు ఇలా పంచుకోండి: సియమ్ రీప్‌లో నాలుగు రాత్రులు, సుఖోథాయ్‌లో రెండు, అయుత్థయలో రెండు, బ్యాంకాక్‌లో రెండు. పట్టాయా వద్దు.

ఇప్పుడు ప్రయాణం. థాయ్‌లాండ్, కంబోడియాల మధ్య రోడ్డు దారిని లెక్కలోకి తీసుకోకండి. 2025 జూన్‌లో సరిహద్దు చెక్‌పోస్టులు మూతపడ్డాయి, జూలైలో కాల్పులూ జరిగాయి. పాత బ్లాగుల్లో కనిపించే అరణ్యప్రథేత్, పోయిపెట్ బస్సు సలహాలన్నీ అంతకుముందువి. విమానమే ఎక్కండి. బ్యాంకాక్‌లో రెండు ఎయిర్‌పోర్టులున్నాయి, సువర్ణభూమి, డాన్ మ్యూయాంగ్. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళడానికి ట్రాఫిక్‌లో గంటన్నర కూడా పట్టొచ్చు. టికెట్ చవకగా ఉందని హైదరాబాద్ నుంచి ఒకదాంట్లో దిగి, సియమ్ రీప్‌కి రెండోదాన్నుంచి ఎక్కేలా బుక్ చేసుకునేవాళ్ళు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. బ్యాంకాక్ ఎయిర్‌వేస్ సువర్ణభూమి నుంచి సియమ్ రీప్‌కీ, సుఖోథాయ్‌కీ నడుపుతుంది. హైదరాబాద్ విమానం కూడా సువర్ణభూమికే చూసుకుంటే నాలుగు ప్రయాణాలూ ఒకే ఎయిర్‌పోర్టు మీద జరిగిపోతాయి. రెండు టికెట్లూ వేర్వేరుగా కొంటే బ్యాంకాక్‌లో ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని, మళ్ళీ చెక్-ఇన్ చేయాలి. మధ్యలో కనీసం నాలుగు గంటలు ఉంచండి.

కాగితాల సంగతి. థాయ్‌లాండ్‌కి వెళ్ళే ప్రతి ఒక్కరూ డిజిటల్ అరైవల్ కార్డ్ నింపాలి. ఇది 2025 మే 1 నుంచి అమల్లో ఉంది, చేరడానికి మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు, పూర్తిగా ఉచితం. డబ్బులు అడుగుతున్న సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. టికెట్లు వేర్వేరుగా కొంటే మీరు థాయ్‌లాండ్‌లోకి రెండుసార్లు ప్రవేశిస్తారు కాబట్టి ఒక్కొక్కరికి రెండు కార్డులు కావాలి. రెండోది సియమ్ రీప్ హోటల్లో కూర్చుని నింపుకోవచ్చు. భారతీయులకు వీసా మినహాయింపు నియమాలు ఈమధ్య మారుతూ వస్తున్నాయి, టికెట్లు కొనే రోజున థాయ్ రాయబార కార్యాలయం సైట్ ఒకసారి చూడండి. కంబోడియాకి ఈ-వీసా ముందే తీసుకోండి, ఫీజు 30 డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. అక్కడికీ విమానంలో వెళ్ళేవాళ్ళు ఈ-అరైవల్ ఫారం నింపాలి, అదీ ఉచితమే.

సియమ్ రీప్ కొత్త ఎయిర్‌పోర్టు 2023 అక్టోబరులో తెరిచారు. పాతది ఊరి పక్కనే ఉండేది, కొత్తది చేరడానికి దాదాపు గంట పడుతుంది. నలుగురికి, సామానుతో కలిపి, హోటల్ వాళ్ళనే కారు పంపమనండి.

ఆంగ్కోర్ పాస్ మూడు రకాలు: ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62, ఏడు రోజులకి 72. మీకు మూడు రోజులది సరిపోతుంది. ఆ మూడు రోజులూ వరసగా వాడాల్సిన పనిలేదు, పది రోజుల్లో ఎప్పుడైనా మూడు రోజులు. అందుకే మధ్యలో పెద్దవాళ్ళకి ఒక పూట విశ్రాంతి ఇవ్వొచ్చు. పాస్ మీద ఫొటో ఉంటుంది, కాబట్టి టికెట్ ఆఫీసులో కొనేటట్టయితే నలుగురూ వెళ్ళాలి. చేరిన రోజే సాయంత్రం ఐదు దాటాక కొంటే పాస్ మర్నాటి నుంచి లెక్క, పైగా ఆ సాయంత్రం సూర్యాస్తమయానికి లోపలికి కూడా పోనిస్తారు. ఐదున్నరకి కౌంటర్ కట్టేస్తారు, ఆ అరగంటలోనే పని కావాలి. ఆ సాయంత్రం ప్నోమ్ బాఖేంగ్ గుట్ట ఎక్కమని డ్రైవర్ అంటాడు. పైన ఒకేసారి 300 మందినే ఉండనిస్తారు, జనం మధ్యాహ్నం నుంచే క్యూలో ఉంటారు. విమానం దిగిన రోజున పెద్దవాళ్ళని అక్కడ నిలబెట్టొద్దు.

పాస్ మొదటి రోజు ఆంగ్కోర్ వాట్. ఉదయం ఐదుకి తెరుస్తారు. డిసెంబరులో సూర్యుడు ఆరుంబావు ప్రాంతంలో వస్తాడు, హోటల్ నుంచి నాలుగూముప్పావుకి కదలాలి, టార్చ్ ఉండాలి. గుడి పడమటి ముఖంగా ఉంటుంది కాబట్టి మీరు తూర్పుకి తిరిగి చూస్తుంటారు. డిసెంబరులో సూర్యుడు బాగా దక్షిణానికి, అంటే మీ కుడివైపుకి జరిగి ఉదయిస్తాడు. గోపురం వెనకనుంచి రావాలంటే ఎడమవైపు కొలను దగ్గర నిలబడాలి. సరిగ్గా మధ్య గోపురం మీదుగా ఉదయించేది మార్చి, సెప్టెంబరు విషువత్తుల్లోనే, అంటే పగలు, రాత్రి సమానంగా ఉండే రోజుల్లోనే. సూర్యుడు రాగానే జనంలో ఎక్కువమంది టిఫిన్‌కి వెనక్కి మళ్ళుతారు. మీరు అప్పుడే లోపలికి నడవండి.

లోపల పడమటి గోడ దక్షిణ భాగం నుంచి మొదలుపెట్టి, గుడి మీ ఎడమచేతి వైపు ఉండేలా తిరగండి. ముందు కురుక్షేత్రం వస్తుంది. అంపశయ్య మీద భీష్ముడిని మీ అమ్మగారు ఎవరూ చెప్పకుండానే గుర్తుపడతారు. ఆ తర్వాత దక్షిణం వైపు ఈ గుడి కట్టించిన రెండో సూర్యవర్మ ఊరేగింపు, దాటాక యముడు, చిత్రగుప్తుడు, స్వర్గనరకాలు. తూర్పు గోడ మీద దాదాపు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం. పన్నెండో శతాబ్దం తొలి సగంలో విష్ణువు కోసం కట్టిన గుడి ఇది, తర్వాత బౌద్ధుల చేతికి వచ్చి ఈనాటికీ పూజలో ఉంది. ఉదయం పూట పడమటి గోడ నీడలో ఉంటుంది, చల్లగా నిలబడి చూడొచ్చు. గుడి ముఖం ఫొటో మాత్రం మధ్యాహ్నం మూడు తర్వాతే బాగా వస్తుంది, పొద్దున తీస్తే నల్లటి నీడే పడుతుంది.

పై అంతస్తుని బాకాన్ అంటారు. ఎక్కేది నిచ్చెనంత నిటారు చెక్క మెట్ల మీదుగా, పట్టుకోవడానికి రెయిలింగ్ ఉంటుంది. ఎక్కడం కన్నా దిగడం కష్టం, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు వెనక్కి తిరిగి ముఖం మెట్లవైపు పెట్టి దిగాలి. భుజాలు, మోకాళ్ళు కప్పకపోతే పైకి పంపరు, చున్నీ కప్పుకుంటే చాలదు, చేతులున్న చొక్కా కావాలి. పన్నెండేళ్ళలోపు పిల్లలకి ప్రవేశం లేదు. ఇంకొకటి, బౌద్ధుల ఉపోసథ దినాల్లో, అంటే పౌర్ణమి, అమావాస్య, రెండు పక్షాల అష్టములనాడు బాకాన్ మూసేస్తారు. బయల్దేరే ముందు ఇంట్లో పంచాంగం తీసి ఆంగ్కోర్ వాట్ రోజు ఈ తిథుల్లో పడకుండా చూసుకోండి. తిరుగు దారిలో తూర్పు ద్వారం నుంచి బయటికి రండి. చెట్ల నీడన మట్టి దారి, జనం తక్కువ. డ్రైవర్‌ని అటే రమ్మని ముందే చెప్పాలి, లేకపోతే పడమటి వైపు రాళ్ళ వంతెన మీద ఎండలో నడిచి వెనక్కి రావాలి.

పదకొండు నుంచి మూడు దాకా గుళ్ళలో ఉండొద్దు. రాయి వేడెక్కి కింద నుంచీ కాలుస్తుంది. హోటల్‌కి వచ్చి భోంచేసి పడుకోండి. మూడు తర్వాత బాయోన్‌కి వెళ్ళండి. ఏడో జయవర్మ పన్నెండో శతాబ్దం చివర కట్టించిన మహాయాన బౌద్ధ ఆలయం, నాలుగు దిక్కులా ముఖాలున్న గోపురాలు అక్కడివే. అందరూ ముఖాల కింద ఫొటో దిగి వచ్చేస్తారు, కింది అంతస్తు బయటి గోడలు వదిలేస్తారు. అసలు సరుకు అక్కడుంది: చామ్ సైన్యంతో (ఇప్పటి వియత్నాం వైపు పొరుగు రాజ్యం వాళ్ళు) పడవ యుద్ధం, సంతలో కోడిపందేలు, వంటలు, బేరాలు చేసే ఆడవాళ్ళు. గంట ఇవ్వండి. దీని మధ్య బావిలో ముక్కలై దొరికిన పెద్ద బుద్ధ విగ్రహాన్ని 1933లో బయటికి తీశారు. ఆ ముక్కలు కూర్చి నిలబెట్టిన విగ్రహం బాయోన్ చుట్టూ ఉన్న పాత కోట నగరం ఆంగ్కోర్ థోమ్ లోపలే, రాజ చౌరస్తాకి కాస్త ఎడంగా ఒక మండపంలో పూజలందుకుంటోంది. ఎవరూ ఆగరు, మీరు ఆగండి.

అది ఎందుకు ముక్కలైందో రెండో రోజు ప్రే ఖాన్‌లో అర్థమవుతుంది. జయవర్మ తన తండ్రి పేరిట 1191లో ప్రతిష్ఠ చేసిన గుడి అది. జయవర్మ పోయిన కొన్ని దశాబ్దాలకి శైవం మళ్ళీ పైచేయి అయింది, గోడల గూళ్ళలోని వందలాది బుద్ధులను ఉలితో చెక్కేశారు. కొన్ని చోట్ల ధ్యానబుద్ధుడికి గడ్డం తగిలించి ముని చేశారు, కొన్ని చోట్ల లింగంగా మార్చారు. వరస గూళ్ళన్నీ ఖాళీగా, లోపల ఆకారం అంచు మాత్రం మిగిలి కనిపిస్తాయి. ఇది తెలియకుండా చూస్తే వానకి అరిగిపోయిందనుకుంటాం. ప్రే ఖాన్‌లో ఒక కొసన దిగి రెండో కొసన ఎక్కేలా డ్రైవర్‌తో మాట్లాడుకోండి, వెనక్కి నడిచే పని తప్పుతుంది. గడపలు ఎత్తు, పెద్దవాళ్ళకి చేయి అందించాలి.

చెట్ల వేళ్ళు అల్లుకున్న తా ప్రోమ్, 1186లో తల్లి పేరిట ప్రతిష్ఠించింది, ఉదయం ఏడున్నరకి తెరవగానే వెళ్ళాలి. తొమ్మిది దాటితే చెట్టు ముందు ఫొటో క్యూలు. ఇక్కడ పునరుద్ధరణ పని మన భారత పురావస్తు శాఖది, బోర్డుల మీద పేరు కనిపిస్తుంది. పడిపోయిన రాళ్ళకి నంబర్లు వేసి, ఏ చెట్టుని ఉంచాలో ఏ గోడని నిలబెట్టాలో ఒక్కొక్కటిగా తేల్చుకుంటూ చేసిన పని అది. తప్పకుండా గమనించండి. మూడో రోజు పొద్దున్నే బాంతే స్రే వెళ్ళి రండి. ఎర్రటి ఇసుకరాయి మీద 967 నాటి శైవాలయం, చిన్నది, కానీ చెక్కడం అంత సున్నితంగా ఇంకెక్కడా లేదు. దూరం కాబట్టి ఆ రోజుకి ఏసీ కారు, మిగతా రోజులకి టుక్‌టుక్ చాలు.

డబ్బు విషయం. సియమ్ రీప్‌లో డాలర్లు, రియల్ రెండూ నడుస్తాయి, డాలర్‌కి సుమారు 4,000 రియల్. కొంచెం చిరిగినా, సిరా గీత ఉన్నా డాలర్ నోటు తీసుకోరు. హైదరాబాద్‌లో మార్చేటప్పుడే ఒక్కో నోటూ చూసి, 1, 5, 10 డాలర్లవి ఎక్కువ అడిగి తీసుకోండి. థాయ్ ఏటీఎంలు విదేశీ కార్డుకి తీసిన ప్రతిసారీ 220 బాత్ పైనే పట్టుకుంటాయి, కొద్దికొద్దిగా తీయకుండా ఒకేసారి తీయండి. గుడి దగ్గర పోస్టుకార్డులు అమ్మే పిల్లల దగ్గర కొనకండి, కొన్నన్నాళ్ళూ వాళ్ళని బడికి పంపరు.

ఐదో రోజు విమానంలో సువర్ణభూమి మీదుగా సుఖోథాయ్. బస పాత సుఖోథాయ్‌లో, పార్కు గేటు దగ్గరే తీసుకోండి. బుకింగ్ సైట్లలో సుఖోథాయ్ అని కొడితే ముందు కొత్త ఊరి హోటళ్ళు వస్తాయి, అవి 12 కిలోమీటర్ల దూరం. పార్కు నేల చదును, సైకిళ్ళు గేటు బయటే అద్దెకి దొరుకుతాయి. పెద్దవాళ్ళకి బ్యాటరీ బండి ఉంటుంది. మధ్య భాగం, ఉత్తర భాగం, పడమటి భాగం, మూడింటికీ వేర్వేరు టికెట్లు. మధ్య, ఉత్తర భాగాలు చాలు.

వాట్ మహాథాత్‌లో (వాట్ అంటే గుడి) తామరమొగ్గ ఆకారపు స్తూపం చూడండి, సుఖోథాయ్ వాళ్ళ సొంత సృష్టి అది. దాని ముందు స్తంభాల వరసల మధ్య పెద్ద విహారం జాగా ఉంటుంది. అక్కడి కంచు బుద్ధుణ్ణే బ్యాంకాక్ తీసుకెళ్ళారు, ఆ చోటు గుర్తుపెట్టుకోండి. నడుస్తున్న బుద్ధుడి రూపం కూడా ఇక్కడి శిల్పులు తీర్చిందే, ఒక మడమ లేచి, ఒక చేయి జారి, అడుగు వేయబోతున్నట్టు ఉంటుంది. మూడు ఖ్మేర్ గోపురాల వాట్ సీ సవాయ్ దగ్గర ఆంగ్కోర్ మీకు మళ్ళీ కనిపిస్తుంది, అది మొదట హిందూ ఆలయం. ఉత్తరాన వాట్ సీ చుమ్‌లో నాలుగు గోడల మధ్య 15 మీటర్ల ఎత్తు కూర్చున్న బుద్ధుడు, గోడలోని సన్నటి చీలికలోంచి దూరం నుంచే ముఖం కనిపిస్తుంది. ఉదయం ఎనిమిదిలోపు వెళ్ళండి. డిసెంబరు బదులు నవంబరుకి మార్చుకునే వీలుంటే లోయ్ క్రథోంగ్ దీపాల పండుగ ఇక్కడ చూడొచ్చు, చాలా ఏళ్ళు మన కార్తిక పౌర్ణమి నాడే పడుతుంది. గదులు మాత్రం నెలల ముందే అయిపోతాయి.

ఏడో రోజు సుఖోథాయ్ నుంచి ఫిత్సనులోక్‌కి రోడ్డు మీద ఒక గంట, అక్కడి నుంచి రైలు. బ్యాంకాక్ దాకా పోకుండా అయుత్థయలోనే దిగండి. ఏసీ పెట్టెలో చలి బాగా ఉంటుంది, శాలువాలు చేతి సంచిలో ఉంచుకోండి.

అయుత్థయ మూడు నదుల మధ్య ద్వీపం. ఏజెంట్లు బ్యాంకాక్ నుంచి పగటి ట్రిప్‌గా తెస్తారు, ఆ బస్సులు పదకొండుకి వచ్చి రెండుకి వెళ్ళిపోతాయి. అంటే సరిగ్గా ఉండకూడని వేళ. రాత్రి ఉన్నవాళ్ళకి ఉదయం ఎనిమిదికి ఇక్కడి వాట్ మహాథాత్ (సుఖోథాయ్ గుడిదీ ఇదే పేరు) దాదాపు ఖాళీగా దొరుకుతుంది. రావిచెట్టు వేళ్ళ మధ్య చిక్కుకున్న బుద్ధుడి శిరస్సు అక్కడిదే, దాని పక్కన ఫొటో దిగేవాళ్ళు తల ఆ శిరస్సు కన్నా కిందికి ఉండేలా కూర్చోవాలి. తలలేని విగ్రహాల వెనక నిలబడి సొంత తల పెట్టి ఫొటో దిగడం అక్కడ పెద్ద అపచారం. వాట్ ఫ్రా సీ సన్‌ఫెట్‌లో మూడు స్తూపాలు చూశాక పక్క విహారం ఖాళీ నేల చూడండి. దాదాపు 16 మీటర్ల నిలువు బుద్ధుడు బంగారు తొడుగుతో ఇక్కడే ఉండేవాడు. 1767లో బంగారం కోసం నిప్పుపెట్టి కరిగించారు. సాయంత్రం నది అవతల, పడమటి ఒడ్డున వాట్ చైవత్థనరామ్. 1630లో ఖ్మేర్ పద్ధతి తలచుకుని కట్టింది, దాని మధ్య గోపురం ఎదుట నిలబడితే కొద్ది రోజుల క్రితం చూసిన ఆంగ్కోర్ గోపురాల పోలిక తెలుస్తుంది. నలుగురికి ఒక టుక్‌టుక్ గంటల లెక్కన మాట్లాడుకోండి, సైకిలు ఇక్కడ వద్దు, ట్రాఫిక్ వేగం.

బ్యాంకాక్‌కి రైలు క్రుంగ్ థేప్ అభివత్ స్టేషన్‌లో ఆగుతుంది. అక్కడి బాంగ్ సూ మెట్రో నుంచి నీలి లైన్ నేరుగా సనమ్ చాయ్, సామ్ యోత్ స్టేషన్లకి పోతుంది. హోటల్ ఆ రెంటి దగ్గర తీసుకోండి, సుఖుంవిత్‌లో వద్దు. సామ్ యోత్‌కి దగ్గర్లోనే వాట్ సుథత్. సుఖోథాయ్‌లో పీఠం చూసిన ఆ కంచు బుద్ధుడు ఇక్కడున్నాడు. వాట్ ఫోలో 46 మీటర్ల శయన బుద్ధుణ్ణి చూసి వెళ్ళిపోకుండా నాలుగు పెద్ద స్తూపాల్లో ఆకుపచ్చ పెంకులది వెతకండి. అయుత్థయలో కరిగించగా మిగిలిన ఆ విగ్రహపు ముద్దని మొదటి రాముడు దాని లోపలే భద్రం చేయించాడు.

రాజభవనం ఉదయం ఎనిమిదిన్నరకి తెరవగానే, టికెట్ 500 బాత్. బయట ఎవరైనా మంచి బట్టలేసుకుని వచ్చి ‘ఇవాళ మూసేశారు, ఇంకో గుడికి తీసుకెళ్తా’ అంటే ఆగకండి, నగల దుకాణానికి తోలుకెళ్ళే పాత మోసం అది. గేటు దాకా వెళ్ళి మీ కళ్ళతో చూడండి. నేషనల్ మ్యూజియం సోమ, మంగళవారాలు సెలవు, ఆ రోజుల్లో బ్యాంకాక్ పడకుండా చూసుకోండి. ద్వారవతి (సుఖోథాయ్‌కన్నా ముందు ఇక్కడున్న పాత బౌద్ధ రాజ్యం) కాలపు బుద్ధులు అక్కడున్నాయి, వాటి వస్త్రం మడతల్లో అమరావతి శిల్పుల జాడ పండితులు గుర్తించారు. అమరావతి, నాగార్జునకొండ మ్యూజియాలు చూసినవాళ్ళకి ఆ గది ఒక్కటే గంట పడుతుంది.

తిండి. బ్యాంకాక్, సియమ్ రీప్‌లలో భారతీయ హోటళ్ళకి కొదవలేదు, సుఖోథాయ్, అయుత్థయలలోనే ఇబ్బంది. కూరగాయల వంట అన్నా అందులో చేపల సాస్, ఆయిస్టర్ సాస్ పోస్తారు. థాయ్‌లాండ్‌లో ‘జే’ అని పసుపు రంగు బోర్డు మీద ఎర్ర అక్షరాలున్న చోట మాంసం, చేప, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండవు. మిగతా చోట ‘మై సై నామ్ ప్లా’ అంటే చేపల సాస్ వేయొద్దని. కంబోడియాలో ప్రహోక్ అనే చేపల ముద్ద కలుపుతారు, ఫోన్‌లో ఖ్మేర్ అక్షరాల్లో రాసి చూపించండి. పొడులు, అటుకులు, చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్ళండి. పచ్చళ్ళు చెక్-ఇన్ సామానులోనే, చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీలో తీసేస్తారు.

బౌద్ధ భిక్షువుల్ని ఆడవాళ్ళు తాకకూడదు, ఏదైనా ఇవ్వాలంటే ఎదురుగా పెడితే ఆయన తీసుకుంటారు. కూర్చున్నప్పుడు పాదాలు విగ్రహం వైపు చాపొద్దు. బజారులో కొన్న బుద్ధ విగ్రహాన్ని థాయ్‌లాండ్ నుంచి బయటికి తేవాలంటే లలితకళల శాఖ అనుమతి కావాలి, రెండు రోజుల్లో అది రాదు కాబట్టి కొనకపోవడమే మంచిది.

ముందు బుక్ చేయాల్సినవి ఈ వరసలో: హైదరాబాద్ విమానం, దాంతోపాటే సియమ్ రీప్, సుఖోథాయ్ విమానాలు, ఆ తర్వాత పాత సుఖోథాయ్ గదులు (అక్కడ హోటళ్ళు తక్కువ), చివర ఫిత్సనులోక్ రైలు. సెలవు దొరక్క ఎనిమిది రోజులకి కుదించాల్సి వస్తే సుఖోథాయ్ తీసేయండి, అయుత్థయని ఒక రాత్రికి తగ్గించండి. ఆంగ్కోర్ నాలుగు రాత్రుల్లోంచి మాత్రం ఒక్కటీ తీయకండి.